మామయ్య నీళ్ళు పోసే మూల

ఇలా దగ్గరికి రా తల్లీ. ఆ గిటారు గోడకి ఆనించి రా. ఒళ్ళో అది పెట్టుకుని వింటే నా మాట నీ చెవిలో సగమే పడుతుంది. ఇంకాస్త జరుగు. పెద్దగా చెప్పే సంగతి కాదిది. ఇది చెబుతున్నప్పుడు ఇంట్లో వస్తువులు కూడా వింటాయేమోనని నాకిప్పటికీ ఓ అనుమానం.

పొద్దున అడిగావు కదా, "అమ్మమ్మా, పెరట్లో ఆ మూల మొక్కా లేదు మోడూ లేదు, రోజూ చెంబుతో నీళ్ళెందుకు పోస్తావు?" అని. అడుగుతూ నాకేదో మతి చలించినట్టు చూశావు కూడా. ఫరవాలేదులే. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా మామగారిని నేనూ అలాగే చూశాను. పొద్దున్నే మొహం కడుక్కున్నాక చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి, గోడ మూల ఇటుకలు పేర్చి ఉన్న చోట ఒంపి వచ్చేవారు. "ఇటుకలకి నీళ్ళు పోస్తే మేడ మొలుస్తుందా మామయ్యా?" అని ఓసారి ఆటపట్టించాను. "దానికి దాహం వేస్తుందమ్మా" అన్నారు. అంతే. ఆయన మాట్లాడటమే తక్కువ. మాట్లాడాల్సినవన్నీ గిటారు మీదే మాట్లాడేవారు.

అవును, ఈ గిటారే. ఆయనా మా అత్తయ్యా ఒకే బ్యాండులో ఉండేవారు. ఆయన వాయించేవారు, ఆవిడ పాడేవారు. బ్యాండు చెదిరిపోయాక గిటారూ, దాని స్పీకరు పెట్టె ఈ ముందు గదిలో కిటికీ పక్కకి చేరాయి. సాయంత్రమైతే ఆయనో కుర్చీ, ఆవిడో కుర్చీ. తీగ మీటబోయే ముందు ఆయన నోరు మూసుకుని "మ్..." అని లావుపాటి గొంతుతో శ్రుతి చూసుకునేవారు. అది వినగానే వంటింట్లో నేను పొయ్యి తగ్గించేదాన్ని, పాట వినబడాలని.

మీ అమ్మ చిన్నపిల్లగా ఉన్న ఏడాది, చలికాలం వెళ్తూ వెళ్తూ ఆయన్ని తీసుకుపోయింది. నేను చెప్పబోయేది దాని వెనకే వచ్చిన ఎండాకాలం సంగతి.

ఎండలు ఇంకా పూర్తిగా ముదరలేదు. ఓ మధ్యాహ్నం అత్తయ్య గిటారు మీద కప్పిన దుప్పటి తీశారు. వాడకపోతే పాడైపోతుందని తుడిచారు, గిటారునుంచి పెట్టెకి వైరు గుచ్చారు, స్విచ్ వేశారు. నేను గది తుడుస్తున్నాను.

"మ్..." అని వినిపించింది.

తడిగుడ్డ నా చేతిలోంచి జారి బకెట్లో పడింది. లావుగా, కిందనుంచి, నోరు మూసుకుని ఎవరో పాట ఎత్తుకోబోతున్నట్టు. ఎత్తుకోవడం మాత్రం లేదు. అదే స్వరం, అక్కడే నిలబడి ఉంది.

అత్తయ్య భయపడలేదు. మెల్లగా వంగి అరచెయ్యి తీగల మీద వేశారు. మోత టక్కున ఆగిపోయింది. చెయ్యి తీశారు. మళ్ళీ "మ్..."

"చూశావుటే అమ్మాయ్" అన్నారు, నా వైపు తిరక్కుండానే. "నేను చెయ్యి వేస్తే ఊరుకుంటున్నాడు."

మా ఆయన బస్సు తోలేవారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, "ఏంటా గోల? ఇంట్లో తుమ్మెదల్ని పెంచుతున్నారా?" అన్నారు. అత్తయ్య చెప్పారు. ఆయన నవ్వబోయి, తల్లి మొహం చూసి నవ్వు మింగేశారు. తనకి తోచినవన్నీ చేశారు. పెట్టె వెనక దుమ్ము ఊదారు. గిటారు వైరు మార్చి ఇంకోటి గుచ్చారు. ట్యూబులైటు పక్కనుంటే మోగుతుందని ఎవరో చెబితే, దాన్ని ఆర్పి, పెట్టెని ఆ గోడనుంచి ఈ గోడకి లాక్కొచ్చారు. ఇంకో గదిలో ప్లగ్గుకి పెట్టి చూశారు. మోత ఆయన వెంటే గది గదికీ తిరిగింది.

"ఇది బస్సయితే బానెట్ ఎత్తి చూద్దును" అని చెమట తుడుచుకున్నారు. "బాగుచేసే వాడికి ఇచ్చొస్తా అమ్మా."

"గుమ్మం దాటించావంటే నేనూ దాని వెనకే వస్తాను" అన్నారు అత్తయ్య. "నాన్న గొంతు బాగుచేయిస్తాడట, పెద్ద మొనగాడు."

ఇక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఎండలు ముదిరాయి. పెరట్లో నేల బీటలు తీసింది. ఇంట్లో చిన్న చిన్న వింతలు మొదలయ్యాయి. ఫ్రిజ్ పిడి పట్టుకుంటే వేళ్ళలో చీమలు పాకినట్టుండేది. నేను పిడికి ఓ పాత గుడ్డ చుట్టేశాను. అందరం ఆ గుడ్డ పట్టుకునే తలుపు తెరిచేవాళ్ళం. ఏమిటి, ఎందుకు అని ఒక్కరమూ ఆలోచించలేదు. చినుకు పడితే గొడుగు విప్పినట్టు, జిమ్మంటే గుడ్డ చుట్టుకున్నాం, అంతే.

అత్తయ్య మధ్యాహ్నం భోజనం కాగానే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ముందు గదిలో కూర్చునేవారు. స్విచ్ వేసి, మోత మొదలయ్యాక చెయ్యి తీగల మీద పెట్టేవారు. కళ్ళు మూసుకునేవారు. పొద్దు వాలేదాకా అలాగే.

"అత్తయ్యా, చెయ్యి నొప్పెట్టదా?"

"నొప్పేమిటే, పట్టుకుంటున్నాడు" అన్నారు. "మొదట్లో ఊరికే తాకి వదిలేసేవాడు. ఇప్పుడు వేళ్ళు వేళ్ళలో పెట్టి పట్టుకుంటున్నాడు. నువ్వూ చూడు."

నాకు ఇష్టం లేదు. అయినా ఆవిడ నా మణికట్టు పట్టుకుని లాగి తీగల మీద పెట్టారు. నిజమే తల్లీ. జిమ్మని ఏదో మోచేతిదాకా ఎక్కింది, సన్నగా వణుకుతూ. చలికి వణికే చెయ్యి మన చేతిని పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా. చటుక్కున లాక్కున్నాను.

అత్తయ్య నవ్వారు. "చెప్పులు వేసుకుంటే రాడు. నేను చూశాగా. ఒట్టి కాళ్ళతో ఉండాలి. కాళ్ళు కడుక్కుని తడి కాళ్ళతో కూర్చుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు."

ఆ తర్వాతనుంచి ఆవిడ కుర్చీ కింద నేల ఎప్పుడూ తడిగా ఉండేది. నేను తుడిచేదాన్ని. కాసేపటికి మళ్ళీ తడి. భోజనం తగ్గిపోయింది. కంచం ముందు కూర్చుని "చాల్లే, మళ్ళీ ఆలస్యమవుతుంది" అని లేచిపోయేవారు. కొన్నిసార్లు చెయ్యి తీశాక వేళ్ళు చాపడం వచ్చేది కాదు. నేను కూర్చుని ఒక్కో వేలూ ఊడదీసినట్టు సాగదీసేదాన్ని. "నిన్నటికన్నా ఇవాళ దగ్గరికి లాగాడు" అనేవారు, పెళ్ళిచూపులు జరిగిన పిల్లలా మెరిసే కళ్ళతో. "ఇంకెన్నాళ్ళో పట్టదులే." ఎక్కడికి లాగుతున్నాడని నేను అడగలేదు. నాకు తెలిసిపోయింది. ఆవిడకీ తెలుసు. వెళ్ళడానికి సిద్ధంగానే ఉన్నారు.

ఓ రోజు బాగా ఎండగా ఉన్నప్పుడు వీధంతా కరెంటు పోయింది. వంటింట్లో ఫ్రిజ్ గుడగుడమని ఆగిపోయింది, ఫ్యాను రెక్కలు నిలబడ్డాయి. హమ్మయ్య, ఇవాళ ఆవిడ లేచి కాస్త నడుం వాలుస్తారు అనుకుంటూ ముందు గదిలోకి వెళ్ళాను.

మోత వినిపిస్తూనే ఉంది.

గుమ్మంలోనే ఆగిపోయాను. పెట్టె మీద ఎర్ర దీపం ఆరి ఉంది. అయినా "మ్..." అని అదే స్వరం, అంతే లావుగా. దగ్గరికి వెళ్ళి అత్తయ్య భుజం మీద చెయ్యి వేస్తే ఆవిడ రొమ్ము అదురుతోంది. ఆ మోత ఆవిడలోంచి వస్తోంది. పెదాలు మూసి ఉన్నాయి, కళ్ళు మూసి ఉన్నాయి. "అత్తయ్యా!" అని ఊపాను. మోత ఆగింది. ఆవిడ కళ్ళు తెరిచి, "ఎందుకే లేపావు? చక్కగా వింటున్నాను" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయనతో గట్టిగానే చెప్పాను. "మీ అమ్మ మనకి దక్కదు. రేపు ఆ పెట్టె బయటికి పంపండి." ఆయన ఫ్రిజ్ పిడికి చుట్టిన గుడ్డ విప్పుతూ చుడుతూ నిలబడ్డారు. "పంపితే మాత్రం దక్కుతుందా?" అన్నారు చివరికి.

ఆవిడని ఆపింది మీ అమ్మ. అప్పుడు బుడిబుడి నడకలు దాటి పరుగుల్లో పడ్డ వయసు. నేను స్నానం చేయించి తువ్వాలు అందుకునేలోపు చేతిలోంచి జారి, తడి ఒంటితో, తడి కాళ్ళతో ముందు గదిలోకి పరిగెత్తింది. "నానమ్మా, తాతయ్యని నన్నూ పట్టుకోమను!" అని అరవడం వినిపించింది. వెంటనే ఏదో దబ్బున పడ్డ చప్పుడు.

నేను వెళ్ళేసరికి పిల్ల వెల్లకిలా పడి ఉంది. ఏడవడం లేదు. పిడికిలి బిగుసుకుని ఉంది. ఎత్తుకుంటే నా మెడ పట్టుకుని, నానమ్మ వైపు వేలు చూపించి, మెల్లగా, చాడీ చెప్పినట్టు చెప్పింది.

"తాతయ్య కొరికాడు."

అత్తయ్య చెయ్యి తీగల మీదనుంచి లేచిపోయింది. మోత మళ్ళీ మొదలైంది. దాన్ని ఆవిడ అంతకుముందెప్పుడూ విననట్టు విన్నారు. పెట్టె వైపు చూశారు, పిల్ల వైపు చూశారు.

"ఆయన దాన్ని కొరకడు" అన్నారు. ఇంకాసేపటికి, "మైకు మరిదిని పిలిపించు" అన్నారు.

మైకు బాబాయంటే బ్యాండులో మైకులూ స్పీకర్లూ చూసుకునే ఆయన. మామయ్యకి ప్రాణస్నేహితుడు, అత్తయ్యకి మరిది వరస. మనిషి పొట్టి, నోరు మాత్రం పెద్దది. మర్నాడు భోజనాల వేళకి భుజానికి సంచీ వేసుకుని వచ్చారు. గుమ్మంలో నిలబడి మోత విన్నారు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే మనిషి, ఆ రోజు మొదటి మాటే, "అందరూ చెప్పులు వేసుకోండి" అన్నారు.

"ఇంట్లోనా?" అన్నాను.

"ఇంట్లోనే కోడలు పిల్లా. ముందు వదినకి తెచ్చివ్వు."

మా ఆయన చూసినవన్నీ ఆయనా చూశారు. వైరు మార్చారు, ట్యూబులైటు ఆర్పించారు. గిటారు వెనక రేకు విప్పి లోపల తీగలు లాగి చూసి, "ఇదే అయ్యుండాలి" అని ఓ టంకం వేశారు. మోత అలాగే ఉంది. "ఇది కాదన్నమాట" అని తల గోక్కున్నారు. ఫ్రిజ్ ఆపమన్నారు. మోత కాస్త తగ్గింది. మళ్ళీ వెయ్యమన్నారు. పెరిగింది. అప్పుడు సంచీలోంచి టెస్టరు తీసి, ఎక్కడా కాదు, గిటారు తీగకి ఆనించారు. టెస్టరులో ఎర్రగా వెలిగింది.

అత్తయ్య అది చూశారు.

తర్వాత ఓ బల్బుకి రెండు తీగలు కట్టి, గోడ ప్లగ్గులో రెండు కన్నాల్లో గుచ్చారు. భగ్గున వెలిగింది. ఒక తీగ తీసి మూడోదైన పై కన్నంలో, ఎర్త్ కన్నంలో పెట్టారు. బల్బు లోపలి వెంట్రుకంత తీగ ఎర్రబడింది, అంతే. కొనప్రాణంతో ఉన్నట్టు మిణుకుమంటోంది.

"ఇదీ సంగతి" అన్నారు. "గిటారుకేం లేదు, పెట్టెకేం లేదు. ఎర్త్ పోయింది."

"అంటే ఏమిటి బాబాయిగారూ?"

"ఫ్రిజ్జులోనో మోటారులోనో ఎక్కడో కాస్త కరెంటు తప్పించుకుని ఇనుములోకి వస్తుందమ్మా. అది మట్టిలోకి దిగిపోవడానికి ఓ దారి పెడతారు, అదే ఎర్త్. నేలలో ఓ గొట్టం పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోస్తారు. అక్కడ మట్టి తడిగా ఉంటేనే దిగుతుంది. ఎండిపోయిందనుకో, ఎటూ పోలేక ఇంట్లోనే తిరుగుతుంది. ఎవరైనా చెయ్యి వేస్తే, వాళ్ళలోంచి దిగుతుంది. అందుకే చెయ్యి వేస్తే మోత ఆగేది." ఆయన అత్తయ్య వేళ్ళ వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. "ఇంతకీ ఆ గొట్టం ఎక్కడ పాతారు?"

మా ఆయనకి తెలియదు. అత్తయ్యకీ తెలియదు. నా నోట్లోంచి మాత్రం మాట దానంతటదే వచ్చింది. "ఇటుకలు పేర్చిన మూల. మామయ్య రోజూ నీళ్ళు పోసేవారు."

మైకు బాబాయి టెస్టరు కింద పెట్టేశారు. "నీళ్ళాయనా!" అన్నారు, గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టే. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "వదినా, మనం ఓసారి ఆరుబయట మైదానంలో ప్రోగ్రాం ఇచ్చినప్పుడు నువ్వు పాడుతూ పాడుతూ పడిపోయావు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తు లేదు? ఎండదెబ్బ."

"ఎండదెబ్బ కాదు. మైకు నీ పెదవికి తగిలి కొట్టింది. ఆ స్టేజీకి ఎర్త్ లేదు. ఆ రోజునుంచీ అన్న ఎక్కడికెళ్ళినా గిటారు తీసే ముందు 'ఎర్త్ ఎక్కడ' అని అడిగి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు అక్కడ పోసేవాడు. అందుకే మేం నీళ్ళాయనా అని ఏడిపించేవాళ్ళం."

"నాకెవరూ చెప్పలేదే!"

"చెబితే మళ్ళీ మైకు ముట్టుకునేదానివా?"

అత్తయ్య కుర్చీలో కూర్చున్నారు. మైకు బాబాయి మెల్లగా అడిగారు.

"అన్న ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఈ మోత ఎప్పుడైనా విన్నావా వదినా?"

ఆవిడ మోత వింటూ ఉన్నారు. మా ఆయన నన్ను మోచేత్తో పొడిచారు, వెళ్ళి నీళ్ళు పోసి రమ్మని. నేను బకెట్ నింపి, చెంబు వేసుకుని పెరటి గుమ్మం దాకా వెళ్ళాను. వెనక చెప్పుల చప్పుడు. అత్తయ్య వచ్చి నా చేతిలోంచి చెంబు తీసుకున్నారు.

నేను ఇటుకలు పక్కకి జరిపాను. కింద తుప్పుపట్టిన గొట్టం మూతి, చుట్టూ పగిలిపోయిన మట్టి. అత్తయ్య చెంబు వంచారు. నీళ్ళు నిలబడనే లేదు, నేల గుటకలు వేసింది. గొంతులో నీళ్ళు దిగే చప్పుడు నేను నా చెవులతో విన్నాను. ఆవిడ ఇంకో చెంబు ముంచారు. ముందు గది కిటికీలోంచి మోత మాకు వినిపిస్తూనే ఉంది.

"బల్బు వెలుగు పెరుగుతోంది!" అని లోపలనుంచి బాబాయి అరిచారు. "పొయ్యండి, ఇంకా పొయ్యండి!"

చెంబు చెంబుకీ మోత సన్నబడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ వీధి చివరికి నడిచి వెళ్ళిపోతున్న మనిషి గొంతులా తగ్గుతూ తగ్గుతూ వెళ్ళింది. అత్తయ్య ఓసారి చెయ్యి ఆపారు. చెంబులో నీళ్ళు ఊగుతున్నాయి. అక్కడితో ఆపేస్తారేమో అనుకున్నాను. ఆవిడ తల కాస్త వంచి విన్నారు. తర్వాత ఆ నీళ్ళు కూడా పోసేశారు.

కిటికీలోంచి ఇంకేమీ రాలేదు.

"ఎన్నాళ్ళ దాహమో" అన్నారు అత్తయ్య. చీర కొంగుతో చేతులు తుడుచుకుని, "అమ్మాయ్, ఆకలేస్తోంది, ఏమైనా పెట్టు" అన్నారు.

మైకు బాబాయి ఆ వారమే మనిషిని పెట్టి కొత్త గొట్టం పాతించారు, తీగలు మార్పించారు. ఫ్రిజ్ పిడికున్న గుడ్డ నేను విప్పి పొయ్యిలో వేశాను. వానలు పడేదాకా అత్తయ్య పొద్దున్నే చెంబు పట్టుకుని ఆ మూలకి వెళ్ళేవారు, వానలు పడ్డాక కూడా మానలేదు. సాయంత్రాలు గిటారు పక్కన కూర్చుని, స్విచ్ వెయ్యకుండానే, నోరు మూసుకుని "మ్..." అని తనే శ్రుతి చూసుకుని మీ అమ్మకి పాట నేర్పేవారు. వేళ్ళు మాత్రం చివరిదాకా కొంచెం వంకరగానే ఉండిపోయాయి.

ఆవిడ పోయాక చెంబు నాకొచ్చింది.

మీ అమ్మ ఇప్పుడు షాక్ కొట్టబోతే టక్కున పడిపోయే స్విచ్చి ఒకటి పెట్టించింది కదా. "ఇంక ఆ నీళ్ళతో పనిలేదమ్మా, మానెయ్" అంటుంది. అది చదువుకున్నది, నిజమే చెబుతుంది. కానీ దానికి నేను చెప్పని సంగతి ఒకటుంది, నీకు చెబుతున్నాను.

ఆ స్విచ్చి పెట్టిన తర్వాతే, ఓ ఎండాకాలం నాకు జ్వరం వచ్చి మంచం దిగలేకపోయాను. ఆ మూల నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ముందు గదిలోంచి వినిపించింది. లావుగా, నోరు మూసుకుని. దాని పక్కనే, కాస్త పైన, ఇంకో గొంతు ఉంది తల్లీ. సన్నటిది. రెండూ కలిసి, పాట ఎత్తుకోబోతున్నట్టు, అక్కడే నిలబడి ఉన్నాయి.

స్విచ్చి పడలేదు. గిటారుకి వైరు గుచ్చి ఉందో లేదో నేను చూడలేదు. ఆ గది గుమ్మం ముందునుంచి వెళ్తూ మొహం అటు తిప్పుకున్నాను. గోడ పట్టుకుని, చెంబు వెతుక్కుని, పెరట్లోకి వెళ్ళాను. నేల గుటకలు వేసింది. ముందు లావు గొంతు వెళ్ళిపోయింది. సన్నగొంతు కాసేపు ఆగి, దాని వెనకే వెళ్ళింది.

అంత హాయిగా ఉందే ఆ మోత! చెయ్యి వెయ్యాలని నాకూ అనిపించింది. అందుకే చెబుతున్నాను, ఈ మాట మర్చిపోకు. నా తర్వాత ఆ చెంబు నీది. పొద్దున్నే, గిటారు ముట్టుకోకముందే, ఆ మూల నీళ్ళు పొయ్యి. నీ తర్వాత ఈ గదిలో ఎవరు కూర్చుని వాయించినా వాళ్ళని ఇలాగే దగ్గరికి పిలిచి చెప్పు, మామయ్య చెంబు సంగతి చెప్పు, మీ అమ్మ పిడికిలి సంగతి చెప్పు. రెండో గొంతు సంగతి వదిలెయ్యకు. ఇక లే. పొద్దున మాటల్లో పడి సగం చెంబే పోశాను, నువ్వెళ్ళి మిగతాది పోసిరా. చెప్పులు వేసుకుని వెళ్ళు.